ముప్పై ఎనిమిది నిమిషాల గొంతు

ఆ శనివారం మధ్యాహ్నం కొరిన్ సీటో చైనాటౌన్‌లోని పాత సినిమా హాలుకి చేరేసరికి, రూడీ అగ్బయాని నిచ్చెన మీద నిలబడి ఎల్వుడ్ మార్ ఫోటోకి నల్ల రిబ్బను కడుతున్నాడు.

"వంకరగా ఉందా?" అన్నాడు పైనుంచి.

"ఎడమవైపు కాస్త దింపు."

"దింపితే తాగి నిలబడ్డట్టుంటాడు. బతికుండగా చుక్క ముట్టని మనిషి, ఇప్పుడెందుకు చెడ్డపేరు?"

కొరిన్ నవ్వింది. బయట లాస్ ఏంజెలెస్ ఎండ రోడ్డు మీద పేలుతోంది. పక్క దుకాణం నుంచి ఎండబెట్టిన మూలికల వాసన, దాని పక్క కొట్టు నుంచి కాల్చిన బాతు వాసన కలిసి గుమ్మం దాకా వస్తున్నాయి. హాలు లోపల మాత్రం చల్లగా, ముక్కిన వాసన. మూతబడి చాలా కాలమైంది. ఏడాదికి మూడు నాలుగుసార్లు చైనాటౌన్ సంఘంవాళ్లు తాళం తీయించి దుమ్ము దులుపుతారు. ఎల్వుడ్ పోయి పదకొండు నెలలు. ఇవాళ ఆయన చివరి సినిమా వేసి, నాలుగు మాటలు చెప్పుకుని, తలా ఒక నారింజపండు పంచి పంపాలని ఏర్పాటు. ఆ నాలుగు మాటలు చెప్పాల్సింది కొరిన్.

ఎల్వుడ్ మార్ పేరు ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. అరవై ఏళ్లలో యాభై మూడు సినిమాలు. వంటవాడు, చాకలి, గూఢచారి, శత్రుసైనికుడు. కత్తిపోటుకి చచ్చాడు, తూటాకి చచ్చాడు, లోయలో పడి చచ్చాడు. ఒక సినిమాలో గుర్రం తన్ని చచ్చాడు. ఆఖరిదొక్కటి తప్ప ఏ సినిమాలోనూ చివరి దాకా బతికి లేడు. అయినా ఆ వీధి పిల్లలందరూ తెర మీద మొట్టమొదట చూసిన తమ లాంటి ముఖం ఆయనదే. అందుకని ఎన్నిసార్లు చచ్చినా ఆయనంటే ప్రాణం పెట్టారు.

ఆయన పుట్టింది ఇదే రాష్ట్రంలోని స్టాక్‌టన్‌లో. ఆయన నాన్న పుట్టిందీ అక్కడే. చైనా భాష ఆయనకు నాలుగు తిట్లకి మించి రాదు. ఇంగ్లిషు ఆ ఊరి రైతులు మాట్లాడినట్టే, తాపీగా, మాటల చివర్లు కాస్త మింగుతూ మాట్లాడేవాడు. సినిమాల్లో మాత్రం ఆ గొంతు ఎవరూ వినలేదు. సెట్లో అడుగు పెట్టగానే "అలా కాదు, మీవాళ్లలా మాట్లాడు" అనేవాళ్లు. నత్తినత్తిగా, లింగం వచనం లేకుండా ముక్కలు ముక్కలుగా మాట్లాడాలి. హాల్లో జనం నవ్వాలి. మొదటి సినిమాల్లో ఆయన కళ్లు కూడా చాలలేదట వాళ్లకి. చైనావాడి కళ్లని ఇంకా చైనా కళ్లు చెయ్యాలని కొసల దగ్గర జిగురు పూసి చర్మం వెనక్కి లాగి అంటించేవాళ్లు. సాయంత్రం ఆ జిగురు తీస్తుంటే తోలు ఊడి వచ్చేదని ఆయనే చెప్పాడు కొరిన్‌కి.

కొరిన్‌కి అప్పుడు పంతొమ్మిదేళ్లు. నటి కావాలని ఆశ. యాభయ్యో ఏట ఎల్వుడ్ ఇక ఆ ముక్కల భాష మాట్లాడనని తెగేసి చెప్పాడు. తొమ్మిదేళ్లు ఒక్క వేషమూ రాలేదు. ఆ తొమ్మిదేళ్లూ చర్చి కింది గదిలో కొరిన్‌తో సహా పిల్లలకి నటన నేర్పాడు. "మీ ఇంట్లో ఎలా మాట్లాడతావో అలా మాట్లాడు అమ్మాయ్. అంతకుమించి విద్యేం లేదు," అనేవాడు. తర్వాత ఇల్లు గడవక ఆయన మళ్లీ ఆ వేషాలకే వెళ్లాడు. కొరిన్ నటి కాలేదు. సినిమాలకి శబ్దం కూర్చే పనిలో స్థిరపడింది. ఇప్పుడు యాభై ఒకటి.

చివరి సినిమాలో ఎల్వుడ్‌ది మందుల షాపు నడిపి మానేసిన తాత వేషం. తాత చావడు. తాత మామూలుగా మాట్లాడతాడు. ఎనభై నాలుగేళ్ల వయసులో, మొదటిసారి, తన సొంత గొంతుతో. చిత్రీకరణ అయిన మూడో వారం నిద్రలోనే పోయాడు.

ఆ సినిమా శబ్దం పని కొరిన్ చేతికే వచ్చింది.

ఒకరోజు నిర్మాత ఫోన్ చేశాడు. "నలుగురికి వేసి చూపించాం. తాత మాటలు నమ్మట్లేదు."

"ఏం నమ్మట్లేదు?"

"ఆ వయసు చైనా ముసలాయన అలా మాట్లాడతాడా?"

"ఆయన స్టాక్‌టన్‌లో పుట్టాడండీ. అలాగే మాట్లాడేవాడు."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. టిక్కెట్టు కొన్నవాడికి తెలియదుగా. వేరేవాళ్లతో చెప్పిద్దాం. లేదంటే సినిమా అటకెక్కినట్టే."

రెండు రాత్రులు ఆలోచించింది. కనీసం ముఖమైనా జనం చూస్తారు కదా అని తనకి తానే సర్దిచెప్పుకుంది. మూడో రోజు ఎవరో ఒక నటుడు వచ్చి మైకు ముందు కూర్చుని, ఎల్వుడ్ పెదాలు చూస్తూ ఆ ముక్కల భాషంతా పలికేసి పోయాడు. పేరు ఎక్కడా వెయ్యొద్దన్నాడు. వెయ్యలేదు. పాత గొంతు ఎక్కడా మిగలకూడదని ఒప్పందంలో ఉంది. మూడు చోట్ల దాచి ఉన్న ఆ గొంతుని కొరిన్ తన చేత్తోనే చెరిపేసింది.

సినిమా బాగా ఆడింది. ఎల్వుడ్ మార్ జీవితంలో ఇదే గొప్ప నటన అని పత్రికలు రాశాయి. సంగతి కొరిన్‌కి తప్ప ఈ వీధిలో ఇంకెవరికీ తెలియదు. సినిమాల్లో ఎప్పుడూ మాట్లాడే తీరేగా, వయసుకి గొంతు మారింది అనుకున్నారు.

"ఏంటలా నిలబడిపోయావ్?" నిచ్చెన దిగుతూ అన్నాడు రూడీ. అతనికి అరవై అయిదు దాటాయి. ఈ హాల్లో బొమ్మ వేసేవాడు అప్పుడూ ఇప్పుడూ అతనే. "పద, ఒకసారి వేసి చూద్దాం. మేబెల్ ఆంటీ వచ్చాక తుస్సుమంటే నా చెవులు పిండుతుంది."

మేబెల్ ఎల్వుడ్ భార్య. మేబెల్‌కి చూపు దాదాపు పోయింది. అందుకే ఇన్నాళ్లూ ఈ సినిమాకి వెళ్లలేదు. ఇప్పుడు మనసు మార్చుకుంది. బొమ్మ కనబడకపోతే పోనీ, ఆయన మాట వింటానంది.

రూడీ మెట్లెక్కి పై గదిలోకి వెళ్లాడు. దీపాలు ఆరాయి. కొరిన్ హాలు మధ్యలో ఒక్కతే నిలబడింది. బొమ్మ మొదలైంది. వాన చప్పుడు. కోడలు కూరగాయల సంచి దించిన చప్పుడు. మనవరాలి మాటలు. అన్నీ శుభ్రంగా వినబడుతున్నాయి. వంటింట్లోకి తాత వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోడలి వైపు తిరిగి నోరు తెరిచాడు.

ఏమీ వినబడలేదు.

పెదాలు కదులుతున్నాయి. వాన చప్పుడు అలాగే ఉంది. ఆ పెదాల దగ్గర మాత్రం శబ్దం లేదు. కోడలు జవాబు చెప్పింది. అది వినబడింది. తాత మళ్లీ నోరు తెరిచాడు. మళ్లీ ఏమీ లేదు.

"రూడీ! మాట రావట్లేదు!"

"ఇక్కడ మీటరు ముల్లు కదుల్తోందే!" పైనుంచి కేక వేశాడు రూడీ. "ఇక్కణ్ణుంచి శబ్దం వెళ్తూనే ఉంది. తెర వెనక పెట్టె చూడు!"

తెరకీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. కొరిన్ చేత్తో గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లింది. దుమ్ము. సాలెగూళ్లు. తెరకున్న సన్నటి చిల్లుల్లోంచి వెలుతురు ఆమె చొక్కా మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఎల్వుడ్ ముఖం పైన కుడి ఎడమలు తిరగబడి, కొండంతగా ఉంది. పెదాలు కదులుతూనే ఉన్నాయి.

ఆమె పెద్ద శబ్దపు పెట్టె దగ్గర వంగి చెవి పెట్టింది.

లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

మాట మొదలుపెట్టేముందు మనిషి పీల్చే ఊపిరి అది. పీలుస్తూనే ఉన్నారు. అంతసేపు ఎవరూ పీల్చలేరు... ఆగట్లేదు. ఆ పెట్టె ముందున్న గుడ్డ నెమ్మదిగా లోపలికి పీక్కుపోతోంది. కొరిన్ చెంప మీది వెంట్రుకలు కూడా అటే కదిలాయి.

అప్పుడే వాసన వచ్చింది. ఘాటుగా, తియ్యగా. జిగురు వాసన. దాని అడుగున, ఊడిన చర్మం పచ్చివాసన.

"వస్తోంది!" అని రూడీ అరిచాడు.

ఆమె చెవిలోనే ఆ కొత్త గొంతు పగిలింది. "నేను కట్టినాను యీ వంటిల్లు! నేను పోదు యెక్కడికీ!"

కొరిన్ వెనక్కి పడింది. మోచేయి గోడకి కొట్టుకుని రక్తం వచ్చింది. బయటికి వచ్చేసరికి రూడీ మెట్లు దిగి వస్తున్నాడు.

"ఏదో తీగ వదులైంది. నువ్వు కదిపావా?"

"నేనేం ముట్టుకోలేదు."

"నీ మొహమేంటి అలా పాలిపోయింది? పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

"రూడీ... అక్కడ జిగురు వాసన వస్తోంది."

రూడీ సందులోకి తల పెట్టి ముక్కు ఎగబీల్చాడు. "ఎలక చచ్చినట్టుంది," అన్నాడు.

నాలుగు గంటలకి జనం వచ్చారు. మూడువందల సీట్లలో ముందునుంచి మూడో వరస ఒక్కటే ఖాళీగా ఉంచారు, ఎల్వుడ్‌లాగే ఆ ముక్కల భాష పలికి పోయిన పాత నటుల కుటుంబాలవాళ్లు వస్తారని. వాళ్లు దారిలో ఇరుక్కుని ఇంకా రాలేదు. మేబెల్ కర్ర పట్టుకుని వచ్చింది. ఎనభై ఒక్కేళ్లు. సన్నగా, నిటారుగా ఉంటుంది. రెండో వరస మధ్యలో కూర్చుని కొరిన్ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"చెయ్యి ఇంత చల్లగా ఉందేంటి?"

"హాలు చల్లగా ఉంది ఆంటీ."

"యాభై రెండుసార్లు చచ్చాడమ్మాయ్ ఈ మనిషి. ప్రతిసారీ పక్కన కూర్చుని పేలాలు తింటూ చూశాను. పోయినేడాది మాత్రం తినబుద్ధి కాలేదు." చేతిసంచి తడిమి కాగితం పొట్లం తీసింది. "ఇవాళ తెచ్చుకున్నాను. చావడటగా."

"చావడు ఆంటీ."

"మామూలుగా మాట్లాడతాడట. సెట్ నుంచి వచ్చిన రోజు చిన్నపిల్లాడిలా చెప్పాడు. 'మేబెల్, ఎవ్వరూ ఆపలేదే నన్ను' అని."

అప్పుడైనా కొరిన్ చెప్పి ఉండాల్సింది. ఆవిడ చెవిలో ఒక్కమాట. దీపాలు ఆరిపోయాయి.

వాన. కూరగాయల సంచి. మనవరాలు. తాత వచ్చి కుర్చీ లాక్కున్నాడు. కొరిన్ కళ్లు మూసుకుంది.

"నేను కట్టినాను యీ వంటిల్లు! నేను పోదు యెక్కడికీ!"

వెనక వరసల్లో కుర్రవాళ్లు కొందరు కిసుక్కుమన్నారు. ముందు కూర్చున్న పెద్దవాళ్లు కదల్లేదు. మేబెల్ వేళ్లు కొరిన్ చేతి మీద బిగుసుకున్నాయి.

"ఎవరిదా గొంతు?" మెల్లగా అడిగింది.

కొరిన్ తెర వైపే చూసింది.

"నిన్నే అడుగుతున్నా. ఎవరిదది?"

"ఆంటీ, నేను తర్వాత..."

"ష్." మేబెల్ తల కాస్త పక్కకి తిప్పింది. చాలాసేపు అలాగే విన్నది. ఆవిడ ముఖం మెత్తబడింది. "ఆఁ. ఇప్పుడు సరిగ్గా చెబుతున్నాడు."

తెర మీద ఆ కొత్త గొంతే అరుస్తోంది.

"ఎవరు ఆంటీ?"

"ఇంకెవరు? మన వెనకే కూర్చున్నాడుగా."

మూడో వరస ఖాళీ. ఆ సంగతి కొరిన్‌కి తెలుసు. తల తిప్పి చూడాలంటే మెడ తిరగలేదు.

"ఒక్కో ముక్కా చెబుతున్నాడు చూడు, ఎంత బాగా..." మేబెల్ పెదాలు కదిపింది. "'ఈ వంటిల్లు నేను కట్టుకున్నదే తల్లీ. ఇక్కణ్ణుంచి నేనెక్కడికీ వెళ్లను.' అదీ మాట. నీ సీటు మీద చెయ్యేసి, ముందుకి వంగి, నీ చెవిలోనే చెబుతున్నాడు. వినబడట్లేదూ?"

కొరిన్‌కి ఎడమ చెవిలో ఏమీ వినబడట్లేదు. తెర శబ్దం కూడా... లేదు. దూది కుక్కినట్టుంది. కుడి చెవికి వాన వినబడుతోంది. ఎడమ వైపు అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం వెచ్చగా ఉంది. లయగా, ఆగి ఆగి, చెవి మీద తగులుతోంది.

వీపు వెనక సీటు కాస్త వంగింది. ఎవరో బరువు మోపినట్టు.

జిగురు వాసన.

ఆమె లేవబోయింది. మేబెల్ చెయ్యి వదల్లేదు. "కూర్చో. మధ్యలో లేస్తే ఆయనకి నచ్చదు."

సినిమా అయ్యేదాకా కూర్చుంది. తాత ఎక్కడ నోరు తెరిస్తే అక్కడ ఆ వెచ్చదనం చెవిని తాకింది. తాత ఊరుకుంటే అదీ ఊరుకుంది. ఆఖరి సీన్లో తాత వంటింట్లో ఒక్కడే కూర్చుని టీ తాగాడు. బతికే ఉన్నాడు. దీపాలు వెలిగాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొరిన్ వెనక్కి తిరిగి చూసింది. మూడో వరస ఖాళీ. తన వెనక సీటు ఒక్కటే మడత విడి, కిందికి దిగి ఉంది. ఆమె చూస్తుండగానే నెమ్మదిగా పైకి లేచి మూసుకుంది.

ఎవరో ఆమె పేరు పిలిచారు. వేదిక ఎక్కింది. కాగితం మీద రాసుకున్నది ఉంది. మైకు ముందు నిలబడి, అలవాటుగా మొదటి మాట అందుకుంది.

"మీరు అందరు వచ్చినాడు. నేను చాల చాల సంతోసం అవుతుంది."

ముసలి మగ గొంతు. నత్తి. ముక్కలు ముక్కలు.

హాలు ఒక్కసారి గొల్లున నవ్వింది. ఎల్వుడ్ పాత వేషాన్ని అనుకరిస్తోంది అనుకున్నారు. కొరిన్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. గొంతు సవరించుకుంది. మళ్లీ మొదలుపెట్టింది.

"ఎల్వుడ్ మార్ మంచి మనిషి వుండెను. నేను అతనికి చాల ప్రేమ చేసినాడు."

ఈసారి కొద్దిమందే నవ్వారు. ముందు వరసలో ఒకాయన, "ఇవాళ్టి రోజున ఇదేం హాస్యం?" అన్నాడు గట్టిగా.

కాదు అని చెప్పబోయింది. "కాదు" అనే మాట కూడా ఆ గొంతులోనే, ఆ నత్తితోనే వచ్చింది. కంటి కొసల దగ్గర ఏదో బిగుసుకుంది. చర్మం చెవుల వైపు లాగుతోంది. వేలితో తాకింది. జిగటగా ఉంది. ఇంకా బిగుసుకుంది. రెప్ప వెయ్యాలనుకుంది. పడలేదు. తెర వైపు నుంచి, తన వెనక నుంచి, ఊపిరి పీలుస్తున్న చప్పుడు... పీలుస్తూనే ఉన్నారు...

"నేను చెయ్యలేదు! నేను చెయ్యలేదు!" అని మైకులో అరిచింది. అరిచింది ఆ ముసలి గొంతు.

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. ఒక పాప ఏడుపు అందుకుంది.

"మైకు తీసెయ్యండి," అన్నది రెండో వరస నుంచి మేబెల్. "ఆ పిల్లని కిందికి దింపండి."

వేదిక పక్కన చిన్న ఆఫీసు గది ఉంది. రూడీ కొరిన్‌ని అక్కడ కూర్చోబెట్టి తలుపు వేశాడు. కాసేపటికి మేబెల్ కర్ర తట్టుకుంటూ వచ్చింది. కొరిన్ ముఖం మీద చర్మం మామూలుగానే ఉంది. కంటి కొసల దగ్గర మాత్రం రెండు ఎర్రటి గీతలు, తోలు లేచినట్టు.

"ఏం చేశావు?" అన్నది మేబెల్.

కొరిన్ నోరు తెరవలేదు. బల్ల మీది కాగితం లాక్కుని రాసింది. నాలుగు వాక్యాలు. మేబెల్‌కి కనబడదని గుర్తొచ్చి కాగితం రూడీకి ఇచ్చింది.

రూడీ మనసులో చదువుకున్నాడు. అతని ముఖం రంగు మారింది. ఎల్వుడ్‌కీ అతనికీ నలభై ఏళ్ల స్నేహం.

"నేను చదవను," అన్నాడు.

"చదువు రూడీ."

"ఆంటీ, ఇది మీరు..."

"నా కళ్లు పోయాయి గానీ గుండె ఇంకా ఉంది. చదువు."

చదివాడు. ఆ గొంతు ఎల్వుడ్‌ది కాదని. ఎవరి చేత చెప్పించిందో. ఎందుకు ఒప్పుకుందో. అసలు గొంతుని ఎవరు చెరిపేశారో. చదివి కాగితం బల్ల మీద పెట్టి గోడ వైపు తిరిగాడు.

మేబెల్ వేళ్లతో బల్ల తడిమి ఆ కాగితం అందుకుంది.

"మొత్తం ఎంతసేపు మాట్లాడాడు అందులో?"

కొరిన్ రాసింది. రూడీ చూసి చెప్పాడు. "ముప్పై ఎనిమిది నిమిషాలు."

"ముప్పై ఎనిమిది." మేబెల్ తల ఊపింది. "అరవై ఏళ్లు వాళ్లు చెప్పమన్నట్టు చెప్పాడు. తన మాట తను చెప్పింది ముప్పై ఎనిమిది నిమిషాలు. అది నువ్వు... నా వంటింట్లో అన్నం తిన్నదానివి, నువ్వు చేశావు."

కొరిన్ ఆవిడ మోకాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. ఏడుపు చప్పుడు కూడా తనది కాదు. నోరు కరుచుకుని ఆపుకుంది.

రూడీ గొంతు తగ్గించి అడిగాడు. "ఆంటీ... ఇప్పుడు ఆయన ఏమంటున్నాడు?"

మేబెల్ తల పక్కకి వంచి విన్నది. ఆవిడ నుదురు ముడిపడింది. కర్ర మీద చెయ్యి కదిలింది.

"ఇక్కడ లేడు," అన్నది. "ఇందాకటిదాకా దీని చెవి దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు లేడు. ఎటు వెళ్లాడు?"

రూడీ తలుపు తీసి బయటికి చూశాడు.

ఆ తర్వాత కొరిన్ చెయ్యగలిగిందంతా చేసింది. జరిగినదంతా రాసి సంఘం పత్రికకి ఇచ్చింది. అచ్చయింది. నిర్మాత ఒప్పందం తప్పావని వకీలు చేత ఉత్తరం పంపాడు. పని ఇచ్చేవాళ్లు మానేశారు. చైనాటౌన్‌లో ఆమెని చూసి కొందరు వీధి దాటి అటు వైపు నడిచారు. చెరిపేసిన గొంతుని తిరిగి తియ్యాలని రెండు నెలలు యంత్రాల ముందు కూర్చుంది. ఒక్క అక్షరం దొరకలేదు. మాట మాత్రం నోటితో మాట్లాడలేదు. ఎప్పుడైనా ఒంటరిగా, తలుపులన్నీ వేసుకుని, ఒక్క మాట అని చూసేది. అదే ముసలి గొంతు. అదే నత్తి. ఆ రోజంతా ఇంట్లో జిగురు వాసన పోయేది కాదు.

గురువారం గురువారం మేబెల్ ఇంటికి వెళ్లేది. రమ్మని ఆవిడ అనలేదు. పొమ్మనీ అనలేదు. కనబడని మనిషీ మాట్లాడని మనిషీ వంటింట్లో ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. మేబెల్ బియ్యపు జావ గిన్నెలో పోసి ముందుకి తోసేది.

"నిన్ను క్షమించాననుకోకు," అన్నది ఒకసారి. "చల్లారిపోతోంది, తిను."

ఇంకోసారి, గిన్నెలు కడుగుతున్న కొరిన్ వీపు వైపు తిరిగి అడిగింది. "డాక్టరుకి చూపించుకున్నావా? ఊరికే కూర్చుంటే వస్తుందా మాట? వెళ్లు. ఎవరైనా ఏమన్నా అంటే నేను పంపానని చెప్పు. అంటే, రాసి చూపించు."

పక్క ఊరు అల్హంబ్రాలో గొంతు డాక్టరు ఉంది. నోహ్ అని కొరియా ఆవిడ. నలభై ఏళ్లుంటాయి. చురుకైన మనిషి. పొద్దున తొమ్మిదింటికి, కిటికీలోంచి ఎండ గదినిండా పడుతుండగా, సన్నటి గొట్టం దింపి కొరిన్ గొంతు లోపలంతా చూసింది.

"పుండు లేదు, వాపు లేదు. పసిపిల్ల గొంతులా ఉంది," అన్నది. "భయం వల్ల ఇలా పట్టేస్తుంది ఒక్కోసారి. ఇప్పుడు ఊపిరి వింటాను. మీరు మాట్లాడొద్దు. నోరు మూసుకుని గాలి పీల్చి వదలండి, అంతే."

రూపాయి బిళ్లంత మైకు ఒకటి కొరిన్ మెడ మీద అంటించింది. బల్ల మీది యంత్రం నొక్కింది. అర నిమిషం. కొరిన్ పీల్చింది, వదిలింది. గదిలో ఇంకే చప్పుడూ లేదు. డాక్టరు యంత్రం ఆపి, ఆ అర నిమిషం మళ్లీ వినిపించింది.

ఊపిరి. ఊపిరి.

తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు.

మగమనిషి. రెండుసార్లు, చిన్నగా, మర్యాదగా. కొరిన్ చేతులు కుర్చీ పట్టుకున్నాయి. చర్చి కింది గదిలో, మాట మొదలుపెట్టే ముందు ఎల్వుడ్ అలాగే సవరించుకునేవాడు.

"పక్క గదిలో ఎవరో ఉన్నట్టున్నారు," అన్నది డాక్టరు.

అతని వెనక ఇంకొకరు గొంతు సవరించుకున్నారు. వయసులో ఉన్నవాడు. అతని వెనక ఒక ఆడమనిషి. ఆవిడ వెనక ఒక ముసలి దగ్గు. ఇంకా వెనక, ఇంకా దూరంగా, పొడుగాటి నడవాలో తమ మాట చెప్పే వంతు కోసం వరసగా నిలబడినట్టు... ఒకరి తర్వాత ఒకరు. ఎవరూ తొందరపడట్లేదు.

డాక్టరు కుర్చీ ముందుకి లాక్కుంది. "మీతో ఎవరైనా వచ్చారా?"

కొరిన్ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

యంత్రం తెర మీద ఒక్కో గొంతుకీ ఒక్కో గీత లేచి ఉంది. డాక్టరు పెన్ను కొసతో లెక్కపెట్టింది. "పదిహేడు," అన్నది తనలో తనే. నమ్మకం కుదరక ఆ అర నిమిషమే మళ్లీ నొక్కి, మళ్లీ లెక్కపెట్టింది.

"పంతొమ్మిది."

పెన్ను కింద పెట్టింది. కొరిన్ ముఖం వైపు చూడకుండా మూడోసారి నొక్కింది.

ఇరవై మూడు.